మైకేల్ ఫారడే – కమ్మరి కొడుకు కొలిచిన కరెంటు

ఈ సంచికలో జీవిత చరిత్ర రాసే వంతు నాకు వచ్చింది. అల్లూరి గురించి, కొమురం భీం గురించి మన గోడ మీద చాలాసార్లు చదువుకున్నాం. నేను ఈసారి ఒక సైంటిస్టును ఎంచుకున్నాను. లెక్కలు రావని భయపడి, టెన్త్ అయ్యాక సైన్సు గ్రూపు వైపే చూడకూడదనుకుంటున్న తమ్ముళ్ళు మన హాస్టల్లో నలుగురైదుగురు ఉన్నారు. ముఖ్యంగా వాళ్ళు చదవాలని రాస్తున్నాను. కొంచెం పొడవైంది, ఓపిక పట్టండి. పక్కన అంటించిన గ్రాఫు కాగితం కూడా ఈ వ్యాసానిదే. దాన్ని ఎవరూ పీకవద్దు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండులో, లండన్ పక్కనే ఉన్న న్యూయింగ్టన్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. గుర్రాల నాడాలు, ఇనప సామాను చేసేవాడు. ఆయనకు ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు, పని చేసిన రోజులకంటే పడుకున్న రోజులే ఎక్కువ. 1801లో ధరలు బాగా పెరిగినప్పుడు మైకేలుకి వారానికి ఒక్క రొట్టె ఇచ్చేవారట. ఆ రొట్టెతోనే వారమంతా గడుపుకోవాలి. బడి చదువు అంటే చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు, అంతే. బీజగణితం దాకా పోనేలేదు.

పదమూడేళ్ళకి పనిలో చేరాడు. జార్జి రీబో అనే ఆయన పుస్తకాల కొట్టులో పేపర్లు మోసే పని. అప్పట్లో పేపరు కొనలేనివాళ్ళు అద్దెకు చదివేవారు. పొద్దున ఒక ఇంట్లో ఇచ్చి, వాళ్ళు చదివాక తీసుకుని ఇంకో ఇంటికి పట్టుకెళ్ళాలి. ఏడాది తర్వాత, 1805లో, రీబో ఆ కుర్రాడిని పుస్తకాలు బైండింగ్ చేసే పనిలో పెట్టుకున్నాడు. ఏడేళ్ళ ఒప్పందం. పని నేర్పడానికి డబ్బేమీ తీసుకోలేదు.

బైండింగ్ అంటే విడి కాగితాలు కుట్టి అట్ట వేయడం. మనవాడు కుట్టేముందు చదివేవాడు. ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన భాగం అలాగే చేతికొచ్చింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన కెమిస్ట్రీ పుస్తకం కూడా అలాగే చదివాడు. చదివిందంతా నమ్మేయలేదు. పాత సీసాలు, చెక్క ముక్కలు పోగుచేసి, తిప్పితే రాపిడితో నిప్పురవ్వలు వచ్చే చిన్న యంత్రం ఒకటి చేసుకున్నాడు. పుస్తకంలో రాసిన ప్రయోగాల్లో తన దగ్గరున్న చిల్లరతో అయ్యేవి చేసి చూశాడు. 1810లో లండన్లో సాయంకాలం సైన్సు ఉపన్యాసాలు జరుగుతుంటే వెళ్ళాలనుకున్నాడు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ డబ్బు అన్న రాబర్ట్ ఇచ్చాడు. అన్న కూడా కమ్మరి పనే చేసేవాడు. ఆ అన్న సంగతి పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆ షిల్లింగు చాలా పెద్దదనిపిస్తుంది.

1812లో కొట్టుకి వచ్చే ఒకాయన హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. డేవీ అప్పుడు లండన్లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థలో గొప్ప రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. ప్రతి మాటా రాసుకుని, బొమ్మలు వేసి, తిరగరాసి, తన చేత్తోనే బైండింగ్ చేశాడు. మూడు వందల పేజీల పుస్తకం అయింది. దాన్ని డేవీకే పంపి ఏదైనా పని ఇప్పించమని జాబు రాశాడు. అప్పటికి ఖాళీ లేదు. కొన్నాళ్ళకి ప్రయోగశాలలో సహాయకుడు ఒకడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ చోటు 1813 మార్చి 1న ఫారడేకి దొరికింది. వారానికి 25 షిల్లింగులు, పైఅంతస్తులో రెండు గదులు. సీసాలు కడగడం, బల్లలు తుడవడం కూడా అతని పనే.

అదే ఏడాది డేవీ భార్యతో కలిసి యూరప్ యాత్రకు బయల్దేరుతూ ఫారడేని వెంట తీసుకెళ్ళాడు. డేవీ సొంత నౌకరు ఆఖరి నిమిషంలో రానన్నాడు. ఆ పనులు కూడా ఫారడే నెత్తిన పడ్డాయి. డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది, భోజనం దగ్గర కూడా తేడా చూపించింది. ఇంటికి పోదామని చాలాసార్లు అనుకున్నాడు. అయినా ఆగాడు. పారిస్ సైంటిస్టులను చూశాడు, ఇటలీలో బ్యాటరీ కనిపెట్టిన వోల్టాను చూశాడు. ఏడాదిన్నర తర్వాత, 1815లో, తిరిగి వచ్చాడు. ఒక రకంగా ఆ యాత్రే ఆయన కాలేజీ.

1821లో తీగలో కరెంటు పోతుంటే అయస్కాంతం చుట్టూ ఆ తీగ గుండ్రంగా తిరిగేలా చేశాడు. మోటారుకి అదే మొదలు. కానీ ఆ ఆలోచన వొలాస్టన్ అనే పెద్ద సైంటిస్టుదని, ఫారడే పేరు చెప్పకుండా వాడుకున్నాడని లండన్లో గుసగుసలు లేచాయి. వొలాస్టన్ అనుకున్నది వేరు, ఫారడే చేసింది వేరు. అయినా మచ్చ పడింది. 1824లో ఫారడేని రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకునేటప్పుడు, తనను పైకి తెచ్చిన డేవీయే అధ్యక్షుడిగా ఉండి అడ్డుపడ్డాడు. ఓట్లు లెక్కపెడితే ఒక్కటే వ్యతిరేకంగా వచ్చింది. రహస్య ఓటు కాబట్టి దాని మీద పేరు లేదు. ఆ తర్వాత కూడా ఫారడే డేవీ గురించి ఎక్కడా తూలనాడలేదు.

1831 ఆగస్టు 29న ఆయన చేసింది మన పుస్తకంలో ఉంది కాబట్టి పొడిగించను. ఇనప రింగుకి రెండు వైపులా తీగ చుట్టలు చుట్టి, ఒక చుట్టలో కరెంటు వేసినప్పుడు, తీసినప్పుడు రెండో చుట్టకి కట్టిన గాల్వనామీటర్ సూది ఒక్కసారి ఎగిరి మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చింది. విద్యుదయస్కాంత ప్రేరణ అంటే అదే. ఇప్పుడు ఆ సూది ఎగరడాన్ని గుర్తుపెట్టుకోండి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అక్కడే మొదలవుతుంది.

ఆ రోజుల్లో ఒక అనుమానం ఉండేది. రాపిడి యంత్రంతో పుట్టే విద్యుత్తు, బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తు, కొన్ని చేపలు కొట్టే విద్యుత్తు, ఇప్పుడు ఫారడే అయస్కాంతంతో పుట్టించిన విద్యుత్తు, ఇవన్నీ ఒకటేనా? రాపిడి విద్యుత్తు టప్పుమని రవ్వ కొట్టి క్షణంలో అయిపోతుంది. బ్యాటరీది రవ్వ కొట్టదు, నెమ్మదిగా గంటలకొద్దీ పారుతుంది. పైకి చూస్తే రెండూ పులీ పిల్లీ లాగా ఉంటాయి. ఒకటే జాతి అని తేల్చాలంటే రెండింటినీ ఒకే కొలతతో కొలవాలి. ఏం కొలవాలి? రవ్వనా, జోరునా, పారిన మొత్తాన్నా?

మన ఊళ్ళలో ఇప్పపువ్వు రాలడం తీసుకోండి. తెల్లవారుజామున జలజలా రాలుతుంది. ఎండ ఎక్కేకొద్దీ తగ్గుతుంది, తర్వాత ఒకటీ అరా. నిమిషానికి ఎన్ని పూలు రాలుతున్నాయి అనేది ఒక సంగతి, చివరికి బుట్టలో ఎన్ని పడ్డాయి అనేది ఇంకో సంగతి. మొదటిది కరెంటు లాంటిది, రెండోది ఆవేశం లాంటిది. ఒక చెట్టు అరగంటలో బుట్ట నింపవచ్చు, ఇంకో చెట్టు మధ్యాహ్నం దాకా పట్టించుకుని అదే బుట్ట నింపవచ్చు. బుట్టలు పక్కపక్కన పెడితే ఏది ఏ చెట్టుదో చెప్పలేం.

1833లో ఫారడే ప్రకటించిన ప్రయోగం ఇది. ఆయన దగ్గర 50 అంగుళాల వ్యాసం ఉన్న గాజు పలకతో పెద్ద రాపిడి యంత్రం ఉంది. 15 లేడెన్ జాడీలు ఉన్నాయి. లేడెన్ జాడీ అంటే లోపలా బయటా తగరపు రేకు అంటించిన గాజు జాడీ. ఆనాటి కెపాసిటర్ అదే. ముందు 8 జాడీలు మాత్రమే కలిపి, యంత్రాన్ని 30 చుట్లు తిప్పి నింపాడు. బాగా తడిపిన తాడు ముక్క ద్వారా ఆ ఆవేశాన్ని గాల్వనామీటర్ గుండా వదిలాడు. సూది ఎంత దూరం ఎగిరిందో రాసుకున్నాడు. తర్వాత మిగిలిన 7 కూడా కలిపి, మొత్తం 15 జాడీలను అవే 30 చుట్లతో నింపి వదిలాడు. జాడీలు దాదాపు రెట్టింపు కాబట్టి ఒక్కో దానిలో వత్తిడి తగ్గిపోయింది. అయినా సూది అంతే దూరం ఎగిరింది. అంటే సూది చూసేది వత్తిడిని కాదు, మొత్తాన్ని.

ఆ తడి తాడు చిన్న విషయం కాదు. తాడు లేకపోతే అంతా ఒక్క రవ్వలో పోతుంది. తడి తాడు దారికి అడ్డుపడి ప్రవాహాన్ని కొంచెం సాగదీస్తుంది. మనం ల్యాబులో రెసిస్టర్ పెడతాం, ఆయన తాడు తడిపి పెట్టాడు.

ఆ తర్వాత బ్యాటరీ వంతు. ఒక ప్లాటినం తీగ, ఒక జింకు తీగ, రెండూ అంగుళంలో 18వ వంతు మందం. నాలుగు ఔన్సుల నీళ్ళలో ఒకే ఒక్క చుక్క సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, ఆ నీళ్ళలో తీగలను అంగుళంలో 8వ వంతులు ఐదు లోతు ముంచాడు. ఎంతసేపు ముంచితే సూది జాడీలు కొట్టినంత దూరమే పోతుందో చూశాడు. ఆయన గడియారం నిమిషానికి 150 సార్లు టిక్కుమంటుంది. సరిగ్గా 8 టిక్కులు, అంటే 3.2 సెకన్లు. పెద్ద గాజు చక్రం 30 చుట్లు తిప్పి పోగుచేసిన విద్యుత్తూ, రెండు సన్న తీగలు పులుపు కూడా తెలియని నీళ్ళలో మూడు సెకన్లు ఉండి ఇచ్చిన విద్యుత్తూ సమానం! రసాయనం తడిపిన కాగితం మీద కూడా పరీక్షించాడు. రెండూ ఒకే రకం మరక వేశాయి.

దీన్ని మనం గ్రాఫు మీద చూడవచ్చు. పోయిన నెల మేం ల్యాబులో చేశాం. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని 9 వోల్టుల బ్యాటరీతో నింపి, లక్ష ఓముల రెసిస్టర్ గుండా వదిలాం. మధ్యలో మైక్రో అమ్మీటర్. ఒకడు గడియారం చూస్తూ కేక వేస్తే ఇంకొకడు సూది చదివాడు, నేను రాశాను. మొదట 90 మైక్రో ఆంపియర్లు. 20వ సెకనుకి 74, 40కి 60, 60కి 49, 100కి 33, 200కి 12, 300కి నాలుగున్నర. పక్కన ఉన్న నీలం గీత అదే. అడ్డంగా కాలం, నిలువుగా కరెంటు.

ఇప్పుడు కెపాసిటర్లో ఎంత ఆవేశం ఉండింది? కరెంటు మారకుండా ఉంటే కరెంటుని కాలంతో గుణిస్తే సరిపోయేది, దీర్ఘచతురస్రం వైశాల్యం లాగా. ఇక్కడ కరెంటు క్షణక్షణం తగ్గిపోతోంది. 90తో గుణిస్తే ఎక్కువ వస్తుంది, నాలుగున్నరతో గుణిస్తే మరీ తక్కువ. కాబట్టి కాలాన్ని సన్నసన్న ముక్కలుగా కోయాలి. ఒక్కో ముక్కలో కరెంటు పెద్దగా మారదు కనుక అది సన్న దీర్ఘచతురస్రం. అన్నీ కూడితే గీత కింద ఉన్న వైశాల్యం. ఆ వైశాల్యమే ఆవేశం. దీనికి ఇంటిగ్రేషన్ అని పెద్ద పేరుంది, సెకండియర్లో వస్తుంది. అది రానివాళ్ళు గళ్ళు లెక్కపెట్టవచ్చు. మా గ్రాఫులో ఒక గడి అంటే అడ్డంగా 20 సెకన్లు, నిలువుగా 10 మైక్రో ఆంపియర్లు. గుణిస్తే 200 మైక్రో కూలుంబులు. సగం కంటే ఎక్కువ ఉన్న గడిని ఒకటిగా తీసుకున్నాం, తక్కువ ఉన్నదాన్ని వదిలేశాం. 43 గళ్ళు వచ్చాయి. 43 రెట్లు 200 అంటే 8600. కెపాసిటెన్సుని వోల్టేజితో గుణిస్తే 9000 రావాలి. ఆ తేడా ఎక్కడికీ పోలేదు. 300 సెకన్ల తర్వాత కూడా గీత నేలకి ఆనుకుని పారుతూనే ఉంటుంది కదా, ఆ తోకలో రెండు గళ్ళు ఉన్నాయి.

ఎర్ర గీత ఫారడే కోసం వేసింది. కెపాసిటర్‌ని మళ్ళీ 9 వోల్టులకి నింపి, బ్యాటరీ తీసేసి, అలాంటిదే ఖాళీ కెపాసిటర్ ఒకటి పక్కన కలిపాం. ఉన్న ఆవేశాన్ని రెండూ పంచుకున్నాయి, వోల్టేజి నాలుగున్నరకి పడిపోయింది. ఆయన 8 జాడీలకు 7 కలిపినట్టే అన్నమాట. ఈసారి కరెంటు 45 దగ్గర మొదలైంది, కానీ రెండింతలు నెమ్మదిగా తగ్గింది. 140వ సెకను దగ్గర ఎర్ర గీత నీలం గీతను దాటి పైకి పోవడం చూడండి. 600 సెకన్ల దాకా ఓపిగ్గా కూర్చుని గళ్ళు లెక్కపెడితే మళ్ళీ 43. ఒక గీత ఎత్తుగా పొట్టి కాలం, ఇంకోటి పొట్టిగా ఎక్కువ కాలం. వైశాల్యం ఒకటే. ఫారడే గ్రాఫు గీయలేదు. బరువుగా కదిలే సూదే ఆయన కోసం ఆ వైశాల్యం కూడిపెట్టింది.

1834లో ఆయన ఇంకా ముందుకు పోయాడు. విద్యుత్తుతో నీటిని విడగొడితే ఎంత విద్యుత్తు పారిందో దానికి తగ్గట్టే నీరు విడిపోతుందని తేల్చాడు. జోరుగా పారిందా, నెమ్మదిగా పారిందా అన్నది లెక్కలోకి రాదు, మొత్తమే లెక్క. ఒక గ్రెయిన్ నీరు, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, ఒక్క చుక్క. దాన్ని విడగొట్టడానికి తన జాడీలను 30 చుట్లతో 8,00,000 సార్లు నింపి వదిలితే వచ్చేంత విద్యుత్తు కావాలని లెక్కగట్టాడు. ఇక్కడ నేనొక లెక్క చేశాను. 9 గ్రాముల నీటిని విడగొట్టడానికి 96,485 కూలుంబులు కావాలని మన పుస్తకంలో ఉంది. ఆ ప్రకారం ఒక గ్రెయినుకి సుమారు 700 కూలుంబులు. 8,00,000తో భాగిస్తే ఆయన జాడీలన్నింటిలో కలిపి ఉన్నది 0.9 మిల్లీ కూలుంబు కూడా లేదు. మా కెపాసిటర్లో ఉన్నది 9 మిల్లీ కూలుంబులు. వేలెడంత కెపాసిటర్లో ఆ గది నిండా జాడీలకు పది రెట్లు!

అలాగని మాది గొప్పది అనుకోవద్దు. మాది 9 వోల్టులు. ఆయన జాడీలు వేల వోల్టులవి, అవి తగిలితే మనిషి కుప్పకూలతాడు. ఇంకో మాట. పాడైన టీవీ, ఇన్వర్టర్ లాంటివి స్విచ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ఆవేశం మిగిలి ఉంటుంది. హాస్టల్లో విప్పి చూసే అలవాటున్నవాళ్ళు చేయి పెట్టకండి.

1837లో ఆయన కెపాసిటర్ లోపల ఏముందో చూశాడు. ఒక ఇత్తడి గుండు లోపల ఇంకో ఇత్తడి గుండు, మధ్యలో ఖాళీ. ఇలాంటివి సరిగ్గా ఒకేలా రెండు చేయించాడు. ఒకదానిలో గాలి ఉంచి, రెండోదాని ఖాళీలో సగం లక్కతో నింపాడు. ఒకదాన్ని నింపి రెండోదానితో పంచుకోనిస్తే, లక్క ఉన్నది ఎక్కువ వాటా తీసుకుంది. మధ్యలో ఉన్న పదార్థానికి కూడా పాత్ర ఉందని అలా తెలిసింది. గాలికి 1 అనుకుంటే లక్కకు సుమారు 2, గంధకానికి ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. లక్క అంటే మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టేదే. అడవిలో మనవాళ్ళు చూసి కూడా పట్టించుకోని వస్తువు లండన్ ప్రయోగశాలలో అంత పని చేసిందంటే నాకు సంతోషం వేసింది. ఈ పనికి గుర్తుగానే 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ శాస్త్రజ్ఞుల మహాసభ కెపాసిటెన్సు ప్రమాణానికి ఫారడ్ అని పేరు ఖాయం చేసింది.

లెక్కల సంగతి చెప్పి ముగిస్తాను. ఫారడే రాసినవాటిలో సమీకరణాలు దాదాపు ఉండవు. ఆయనకు బీజగణితం రాదు, అది దాచుకోలేదు కూడా. దానికి బదులు ప్రతి ప్రయోగం రోజువారీ పుస్తకంలో వరుస నంబర్లు వేసి రాసుకున్నాడు. ఆ నంబర్లు 16,000 దాటాయి. కానీ తమ్ముళ్ళూ, దీన్నిబట్టి లెక్కలు అక్కర్లేదని అనుకుంటే నేను ఒప్పుకోను. ఫారడే ఊహించినదాన్ని మాక్స్‌వెల్ అనే కుర్ర సైంటిస్టు 1850ల నుంచి లెక్కల్లోకి మార్చాడు. అవి లేకపోతే రేడియో తరంగాలు ఉంటాయని ఎవరికీ తెలిసేది కాదు. ఫారడే 1857లో ఆయనకు జాబు రాస్తూ, లెక్కలతో తేలిన ఫలితాలను మామూలు మాటల్లో కూడా చెబితే తనలాంటివాళ్ళు ప్రయోగాలు చేసి చూస్తారు కదా అని అడిగాడు. నా ఉద్దేశంలో లెక్కలు రాకపోవడం తలుపు మూసేయదు. గళ్ళు లెక్కపెట్టినవాడికి ఇంటిగ్రేషన్ వచ్చినప్పుడు అది పాత చుట్టంలా కనిపిస్తుంది.

పెద్దవాడయ్యాక జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోయింది. 1840 ప్రాంతంలో కొన్నేళ్ళు పని దాదాపు ఆపేశాడు. మళ్ళీ లేచి 1845లో అయస్కాంతం కాంతిని ప్రభావితం చేస్తుందని చూపించాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు 19 ఏళ్ళు తనే ఇచ్చాడు. కొవ్వొత్తి మీద ఇచ్చినవి పుస్తకంగా వచ్చాయి. ఆయనకూ భార్య సారాకూ పిల్లలు లేరు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు, సర్ అనే బిరుదు కూడా వద్దన్నాడు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు దగ్గర ఉండడానికి ఇల్లు ఇచ్చింది. ఆఖరి ప్రయోగం 1862 మార్చి 12న చేశాడు. సోడియం మంట వెలుగు మీద అయస్కాంతం ఏమైనా మార్పు తెస్తుందా అని చూశాడు. పరికరం చాలలేదు, ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించలేదనే రాసుకున్నాడు. 1896లో జీమాన్ అనే డచ్చి సైంటిస్టు ఇంకా మంచి పరికరంతో ఆ మార్పు పట్టుకున్నాడు.

1867 ఆగస్టు 25న ఆ ఇంట్లోనే కుర్చీలో కూర్చుని ఉండగా చనిపోయాడు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో పూడ్చారు. రాతి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కారు.